షెడ్డు పీకేసినా కిరాయి మాత్రం ఆపకండి

హనుమకొండలో మీది నయీంనగర్, మాది భీమారం, అంతే తేడా. ఇంటి ముందు బండ్లు పెట్టుకునే రేకుల షెడ్డును ఓనర్ ఒక్క మాటైనా చెప్పకుండా పీకేయడం, అడిగితే నా జాగ నా ఇష్టం అనడం, కిరాయి రూపాయి కూడా తగ్గించననడం, మీరు రాసినవన్నీ మాకూ జరిగాయి. ఈ నెల కిరాయి ఆపేస్తే దారికొస్తాడా అని అడిగారు. ఆపకండి. మేం ఆపి చూశాం.

ఏప్రిల్ చివర ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి రేకులు గోడకు చేరేసి ఉన్నాయి, ఇనుప పైపులను వెల్డర్ కోస్తున్నాడు. ఆ జాగలో రెండు మడిగెలు, అంటే దుకాణాలు, కడతారట. షెడ్డు కింద మా బండ్లే కాదు, మా అత్తమ్మ మంచం కూడా ఉండేది, పగలంతా అక్కడే గడిపేది. మన దగ్గర మే ఎండలు ఎట్లుంటాయో మీకు చెప్పాలా? నీడ పోయాక ముందు గది గోడ రాత్రి ఏడింటికి కూడా చెయ్యి పెట్టనిచ్చేది కాదు. "అంకుల్, షెడ్డు చూసే కదా ఈ ఇంట్లోకి వచ్చాం" అన్నాను. "ఇల్లు ఇచ్చిన బిడ్డా, షెడ్డు ఇయ్యలే" అన్నాడాయన.

ఆ కోపంలో మే నెల కిరాయి కట్టలేదు. దాంతో షెడ్డు మాట పోయి, మా బాకీ మాటే మిగిలింది. వాడకట్టులో అందరికీ మేం కిరాయి ఎగ్గొట్టేవాళ్లమయ్యాం. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఇది సివిల్ మ్యాటర్ అని పంపేశారు. అందులో వాళ్ల తప్పేం లేదు.

చివరికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. ఆడవాళ్లకు సంపాదన ఎంతున్నా అక్కడ న్యాయ సహాయం ఉచితం. వకీలమ్మ అడిగిన మొదటి ప్రశ్న, కిరాయి ఎంత అని. ఎందుకంటే మనకు 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ఒకటుంది. దాని ప్రకారం ఇల్లంటే గోడలు, కప్పు మాత్రమే కాదు, ఇంటితో పాటు ఇచ్చిన తోట, ఖాళీ జాగ, గ్యారేజీ కూడా. కిరాయిదారు వాడుకుంటున్న సౌకర్యాన్ని సరైన కారణం లేకుండా తీసేయకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. వినడానికి బాగానే ఉంది కానీ, 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో కిరాయి నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లు ఆ చట్టం కిందికి రావు. మాది 6,500. ఇప్పుడు 3,500కు హనుమకొండలో ఇల్లు ఎవరిస్తారు?

ఇక మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులోని 108వ సెక్షన్ ప్రకారం, కిరాయి కడుతూ ఒప్పందం పాటిస్తున్న మనిషి, తనకిచ్చిన దాన్ని గడువు వరకు ఆటంకం లేకుండా అనుభవించవచ్చు. "కిరాయి కడుతూ" అన్న మాట దగ్గర వకీలమ్మ నా వంక చూసింది. మర్నాడే బాకీ మొత్తం ఫోన్‌పేలో పంపాం, ఏ నెలదో కూడా రాసి.

అసలు చిక్కు, షెడ్డు కూడా ఇంటితో కలిపి ఇచ్చారని చూపించడం. మా అగ్రిమెంటులో రెండు గదులు, వంటిల్లు, బాత్రూం అనే ఉంది. మమ్మల్ని నిలబెట్టింది పాత వాట్సాప్ మెసేజ్. ఇల్లు చూడకముందు ఆయన కొడుకే పంపాడు: "ముందు షెడ్డు ఉంది, రెండు బండ్లు పడతాయి." అది, మా పాప పుట్టినరోజు నాడు షెడ్డు కింద దిగిన ఫొటో, రెండూ ప్రింటు తీసి ఒక పేజీ ఉత్తరంతో స్పీడ్ పోస్టులో పంపాం. బెదిరింపులేం రాయలేదు. షెడ్డు మళ్లీ వేయండి, లేదా కిరాయి తగ్గించండి అని మాత్రమే అడిగాం.

పది రోజులకు కొడుకు వచ్చి కూర్చున్నాడు. పాత రేకులతోనే ఇంటి వెనక చిన్న షెడ్డు వేయించాడు, మడిగెల పని అయ్యేదాకా నెలకు 700 తగ్గించాడు. బండ్లు సందులోంచి వెనక్కి తోసుకుపోవడం నరకమే అనుకోండి, అత్తమ్మకు మాత్రం నీడ దొరికింది.

ఇంకొకటి. మీ 11 నెలల అగ్రిమెంటు గడువు దాటి నెల నెలా నడుస్తున్నట్టయితే, 15 రోజుల నోటీసు ఇచ్చి ఖాళీ చేయమనే హక్కు మీ ఓనర్‌కుంది. మీ పక్షాన న్యాయం ఉన్నా, ఆ పదిహేను రోజులు ఆయన చేతిలో ఉంటాయి. పిల్లల బడి మధ్యలో ఇల్లు మారగలరా లేదా చూసుకుని గొంతు పెంచండి. మేం మారలేం, అందుకే 700తో సరిపెట్టుకున్నాం.

ఇల్లు చూపించిన రోజుల మెసేజ్‌లు మీ ఫోన్‌లో ఇంకా ఉన్నాయా? ముందు వాటిని స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌కు పంపి పెట్టండి, ఉత్తరం సంగతి ఆ తర్వాత.