ఉద్యోగంలో చేరు, సివిల్స్ మాత్రం వదలకు

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఒక గూడెం. కొండదొరలం. బీఏ ఆఖరి ఏడాది చదువుతున్నాను. సివిల్స్ రాయాలని ఉంది. నాన్న మాత్రం 'సచివాలయంలో ఏదో ఒక ఉద్యోగం వస్తే చాలు, కలెక్టర్ కుర్చీ మన ఆడపిల్లలకు ఎక్కడిది' అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఉద్యోగం వస్తే చేరిపోమ్మా. ఇంటికీ, నీ పుస్తకాలకూ ఆ జీతం కావాలి. కానీ 'కుర్చీ ఎక్కడిది' అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను.

వయనాడ్ శ్రీధన్య సురేష్ సంగతి నాన్నకు చెప్పు. కురిచియ తెగ, కూలి చేసుకునే అమ్మానాన్నలు. గిరిజన శాఖలో గుమస్తాగా చేసింది, హాస్టల్ వార్డెన్‌గానూ చేసింది. అక్కడ సబ్ కలెక్టర్‌కు జనం ఇచ్చే మర్యాద కళ్లారా చూశాకే సివిల్స్ మీద పట్టుదల పెరిగింది. ఢిల్లీ ఇంటర్వ్యూకి వెళ్లడానికి చేతిలో డబ్బుల్లేకపోతే స్నేహితులు తలా కొంత వేసుకుని పంపారు. 2018 సివిల్స్‌లో 410వ ర్యాంకు. కేరళ గిరిజన మహిళల్లో ఐఏఎస్ అయిన మొదటి మనిషి ఆమే. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము కూడా ఒడిశా నీటిపారుదల, విద్యుత్ శాఖలో జూనియర్ అసిస్టెంట్‌గా చేసినవారే. మన దగ్గర సాలూరు సంధ్యారాణి, ములుగు సీతక్క మంత్రులయ్యారు.

ఇక పరీక్ష సంగతి. ఎస్టీలకు 37 ఏళ్ల వరకు అవకాశం, ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు, ఫీజూ లేదు. మెయిన్స్ (ఇంగ్లిష్ అర్హత పేపర్ తప్ప), ఇంటర్వ్యూ తెలుగులోనే ఇవ్వొచ్చు. ఆప్షనల్ సబ్జెక్టుగా ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) చూడు. రెండో పేపర్‌లో భారతీయ గిరిజనుల గురించే చాలా ఉంటుంది. పోడు, అటవీ హక్కుల చట్టం, పీసా (గిరిజన ప్రాంతాల పంచాయతీ చట్టం) గ్రామసభ... మిగతావాళ్లు బట్టీపట్టేవి నువ్వు ఊళ్లో చూస్తూ పెరిగావు. 'కోటా' అని ఎవరైనా దెప్పితే కుంగిపోకు. ప్రశ్నపత్రం అందరికీ ఒకటే.

ఒక్క జాగ్రత్త. పదో తరగతి మెమోలో, కుల ధ్రువపత్రంలో, ఆధార్‌లో నీ పేరు, ఇంటిపేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. నోటిఫికేషన్ పడ్డాక ఆఫీసుల చుట్టూ తిరిగి ఏడ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. తేడా ఉంటే ఈ సెలవుల్లోనే సరిచేయించుకో.

నాన్నగారికి నా మాటగా ఇది చదివి వినిపించు: ఉద్యోగం వచ్చిందని వెంటనే సంబంధాలు చూడకండి. సాయంత్రాలు ఆమెకు పని చెప్పకుండా మూడేళ్లు చదువుకోనివ్వండి.