పార్కులో పూల ఫొటోలు: ఎరుపు ముద్దకట్టడం, మసక, వెనకాల గజిబిజి

మీరు అడిగినవి మూడు. మందార, ఎర్ర గులాబీ లాంటివి రేకుల గీతలు కనిపించకుండా ఎర్రటి ముద్దలా వస్తున్నాయి. దగ్గరికి వెళ్లేకొద్దీ మసక పెరుగుతోంది. మాక్రో లెన్స్ (అతి దగ్గరి నుంచి చిన్నవాటిని పెద్దగా తీసేది) కొంటే ఇవన్నీ సర్దుకుంటాయా? లెన్స్ ఇప్పుడే కొనకండి. మీ ఫొటోలను చెడగొడుతున్నవాటిలో ఎక్కువ భాగం ఉన్న కెమెరాతోనే సరిచేసుకోవచ్చు.

ముందు ఎరుపు సంగతి. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు సగటు వెలుగును చూస్తుంది. ప్రతి చిత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల పొరలుగా, అంటే ఛానళ్లుగా నమోదవుతుంది. ఎండ పడిన మందారలో ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోతుంది, ఆకుపచ్చ, నీలం బాగా కిందే ఉంటాయి. సగటు బాగుంది కాబట్టి కెమెరాకు తప్పేమీ కనిపించదు. కానీ ఎరుపు నిండాక రేకు మీది ఈనెలు, ముడతలు, మడతల నీడలు అన్నీ ఒకే విలువకు వచ్చేస్తాయి. మీరు చూస్తున్న ముద్ద అదే. హిస్టోగ్రామ్‌ను (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్, కుడి అంచు అంటే పూర్తిగా నిండినట్టు) మూడు రంగులూ విడివిడిగా చూపించేలా మార్చుకోండి. ఎరుపు గీత కుడి అంచుకు గుద్దుకుంటే ఎక్స్‌పోజర్‌ను (కెమెరా తీసుకునే వెలుగు మోతాదు) మైనస్ 2/3 నుంచి మైనస్ 1 వరకు తగ్గించండి. పిక్చర్ మోడ్ ‘వివిడ్’లో ఉంటే ‘స్టాండర్డ్’కో ‘న్యూట్రల్’కో మార్చండి, వివిడ్ ఎరుపును ఇంకా పైకి తోస్తుంది. వీలైతే రా ఫైల్ (కెమెరా సర్దుబాట్లు చేయని ముడి ఫైల్) తీయండి. ఎడిటింగ్‌లో కూడా ఎరుపు సాచురేషన్ (రంగు గాఢత) కొంచెం తగ్గిస్తేనే ఈనెలు తిరిగి కనిపిస్తాయి.

పసుపు పూలలో ఎరుపు, ఆకుపచ్చ రెండూ నిండుతాయి, వాటికీ ఇదే వైద్యం. తెలుపు విషయంలో జాగ్రత్త: తెల్ల పువ్వు ఫ్రేమంతా నిండితే మీటరు దాన్ని బూడిద రంగు చేస్తుంది, అప్పుడు ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1 పెట్టాలి. అదే పువ్వు ముదురు ఆకుల మధ్య చిన్నగా ఉంటే తెల్లగా కాలిపోతుంది, అప్పుడు మైనస్ పెట్టాలి. ఫోన్‌లో అయితే పువ్వు మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వెలుగు గుర్తును కిందికి జరపండి.

ఇక మసక. అందులో సగం నిజానికి మసక కాదు, ఫోకస్ లోతు, అంటే ముందు నుంచి వెనక్కి ఒకేసారి పదునుగా వచ్చే మేర, చాలకపోవడం. మందారనే తీసుకోండి. మధ్యలోంచి కేసరాల నాళం వేళ్లంత పొడవున ముందుకు పొడుచుకొస్తుంది, దాని కొసన అయిదు చిన్న ఎర్రటి గుండ్లు. ఎదురుగా నిలబడితే ఆటోఫోకస్ ఆ గుండ్లనే పట్టుకుంటుంది, రేకులు వెనక ఎక్కడో ఉండిపోతాయి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో పది సెంటీమీటర్ల పువ్వును నిలువునా నింపి తీస్తే, ఎఫ్/8 దగ్గర (ఇది లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదై లోతు పెరుగుతుంది) పదునుగా వచ్చే లోతు దాదాపు ఒక సెంటీమీటరే. ఎఫ్/16కి వెళ్లినా రెండే. నాళం అందులో పట్టదు. పక్కకు జరగండి. నాళం మొత్తం సెన్సర్‌కు (కెమెరా లోపల బొమ్మ పడే పలక) సమాంతరంగా వచ్చేలా నిలబడితే కొస గుండ్ల నుంచి పుప్పొడి దాకా ఎఫ్/8లోనే పదునుగా వస్తుంది. చామంతి లాంటి బల్లపరుపు పూలకు కూడా ఇదే సూత్రం: పువ్వు ముఖం ఎటు వంగి ఉందో కెమెరానూ అంతే వంచాలి.

ఇంకా దగ్గరికి వెళ్తే లోతు ఎంత పడిపోతుందో చూడండి. పువ్వు బొమ్మ దాని అసలు సైజులో సగంగా సెన్సర్ మీద పడితే ఎఫ్/8లో సుమారు 3 మిల్లీమీటర్లు, పూర్తి సైజులో పడితే ఒక మిల్లీమీటరు. ఈ దూరంలో మీ ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగడమే ఫోకస్ తప్పడానికి చాలు. ఫోకస్‌ను మాన్యువల్‌లో స్థిరంగా పెట్టి, మీరే మెల్లగా ముందుకు ఒంగుతూ అయిదారు ఫొటోలు వరసగా తీయండి, ఒకటి తగులుతుంది. ఎఫ్/22 వైపు మాత్రం పోకండి. పూర్తి సైజు దగ్గర ఎఫ్/11 అని కెమెరా చూపించినా అది ఎఫ్/22లా పనిచేస్తుంది, డిఫ్రాక్షన్‌తో (చిన్న రంధ్రంలోంచి వెలుగు చెదరడం) చిత్రమంతా మెత్తబడుతుంది.

రెండో సగం గాలి. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది, పువ్వు ఊగడాన్ని ఆపదు. షట్టర్ కనీసం 1/250 సెకను, సన్నకాడ పూలకు 1/500 ఉంచండి. దానికోసం ఐఎస్ఓ (వెలుగు సున్నితత్వం) 800, 1600 అయినా పరవాలేదు, దానివల్ల వచ్చే చుక్కల నాయిస్‌ను తగ్గించవచ్చు గానీ కదిలిన రేకును నిలబెట్టలేం. ఊగే కాడ ప్రతి ఊపు చివరా ఒక్క క్షణం ఆగుతుంది, నొక్కాల్సింది అప్పుడు. సూర్యోదయం తర్వాత మొదటి గంటన్నరలో సాధారణంగా గాలి తక్కువ, ఎండా మెత్తగా ఉంటుంది.

వెనకాల గజిబిజి మీరు అడగలేదు గానీ, మీ ఫొటోలకు పెద్ద లోటు అదేననిపిస్తోంది. పార్కులో పువ్వును జరపలేం, వెనకున్న బోర్డునూ పైపునూ తీయలేం. మనమే జరగాలి. మడిలో అంచున, మిగతావాటికన్నా ఎత్తుగా ఉన్న పువ్వును ఎంచుకోండి. దాని వెనక కనీసం ఒకటి రెండు మీటర్లు ఖాళీ ఉండాలి. తర్వాత అడుగులో సగం ఎడమకో కుడికో జరిగి చూడండి, తెల్లటి చుక్కలా మెరిసే ఆకాశపు ముక్క నీడలో ఉన్న ఆకుల వెనక్కి పోతుంది. పైనుంచి కిందికి చూసి తీస్తే మట్టి, ఎండుటాకులు అన్నీ పదునుగా పడతాయి.

గడ్డిపూలకు ఇది ఇంకా ముఖ్యం. గడ్డిచామంతి తల వెడల్పు సెంటీమీటరు, ఒకటిన్నర ఉంటుంది, కాడ జానెడు. మోకాళ్ల మీద కాదు, మోచేతుల మీదికి దిగాలి. ఇసుక లేదా గింజలు నింపిన చిన్న సంచి మీద కెమెరా పెట్టి, స్క్రీన్ పైకి తిప్పుకోండి. ఆ ఎత్తు నుంచి చూస్తే మీగడ రంగు రేకు కొసన మూడు నొక్కులు విడివిడిగా కనిపిస్తాయి, వెనక గడ్డి ఆకుపచ్చ పొగలా కరిగిపోతుంది. అక్కడ పడుకునే ముందు కింద మొలకలున్నాయేమో చూసుకోండి, కాలిబాట వదిలి లోపలికి పోకండి. అడ్డొచ్చిన గడ్డిపరకను తుంచకుండా వేలితో పక్కకు పట్టుకుంటే చాలు. ట్రైపాడ్‌కు చాలా తోటల్లో అనుమతి కావాలి, గేటు దగ్గరే అడిగేయండి.

నడినెత్తి ఎండలో తప్పక తీయాల్సివస్తే, 30 సెంటీమీటర్ల మడత డిఫ్యూజర్‌ను (ఎండను మెత్తబరిచే తెల్ల తెర) పువ్వుకు ఎండకు మధ్య, ఫ్రేములో పడనంత దగ్గరగా పట్టుకోండి. తెల్ల గొడుగైనా పనిచేస్తుంది. రంగు గొడుగు వద్దు, ఆ రంగు రేకుల మీద పడుతుంది. చెట్టు నీడలో తెల్లపూలు ఆకుపచ్చగా రావడానికీ కారణం ఇదే, ఆకుల్లోంచి వడగట్టిన వెలుగు. అక్కడ ఒక తెల్ల కాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా రంగుల సర్దుబాటు) పెట్టుకోండి.

వేళ కూడా చూసుకోండి. తామర ఉదయమే, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. చంద్రకాంత సాయంత్రం విచ్చుకుంటుంది. విచ్చిన పొద్దుతిరుగుడు పేరుకు భిన్నంగా తూర్పుకే తిరిగి ఉండిపోతుంది, కాబట్టి సాయంత్రం ఎదురుగా నిలబడితే వెనకనుంచి ఎండ పడి రేకులు వెలిగినట్టుంటాయి.

ఇవన్నీ చేశాక కూడా లెన్స్ కావాలనిపిస్తే, మడి లోపలికి వెళ్లలేని చోట్లకు 70-300 మి.మీ. జూమ్ మాక్రోకన్నా ఎక్కువ పనికొస్తుంది. దాని ముందు ప్లస్ 2 క్లోజప్ లెన్స్ (ఫిల్టర్‌లా బిగించే భూతద్దం) బిగించి, ఫోకస్‌ను అనంతంలో పెడితే అర మీటరు దూరం నుంచే చిన్న పూలు నిండుగా వస్తాయి. తర్వాత ఆ క్లోజప్ లెన్స్ తీయకపోతే దూరపువి ఫోకస్ కావు. 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (కెమెరాకు లెన్స్‌కు మధ్య పెట్టే ఖాళీ గొట్టం) చౌక మార్గం, సగం సైజు వస్తుంది. కానీ వెలుగు ఒక స్టాప్‌కు పైగా, అంటే సగానికన్నా ఎక్కువే తగ్గుతుంది, పువ్వుకు మరీ దగ్గరగా వెళ్లాల్సిరావడంతో మీ నీడే దాని మీద పడుతుంది. ఫోన్ వాడుతుంటే ఆటో మాక్రో ఆపేసి, ఒక అడుగు వెనక్కి వచ్చి 2ఎక్స్ లేదా 3ఎక్స్‌లో తీయండి. మాక్రో మోడ్ చాలా ఫోన్లలో అల్ట్రావైడ్ లెన్స్‌కు మారిపోతుంది, అందుకే వెనకున్న చెత్తంతా ఫ్రేములోకి వస్తోంది.