టెక్ సందేహాలు: జీరో 25 గజాలకా, 50కా, 100కా?

డాలస్ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: ‘.22 రైఫిల్ కొని, దాని మీద స్కోప్ బిగించాను. రేంజ్‌లో ఒకాయన 25 గజాలకు జీరో చేయమంటాడు, ఇంకొకాయన 50కి అంటాడు. ఫోన్‌లో వేసుకున్న, తూటా దారి లెక్కకట్టే బాలిస్టిక్ యాప్ తెరవగానే 100 చూపిస్తోంది. ఎవరి మాట వినాలి?’

50 గజాలు. యాప్ మాట మాత్రం వినకండి. (జీరో చేయడమంటే, ఆ దూరంలో గురిపెట్టిన చోటే తూటా తగిలేలా స్కోప్‌ని సరిచేయడం.)

ఆ 100 మీ కోసం పెట్టింది కాదు. పెద్ద తూటాల రైఫిళ్లను మనసులో పెట్టుకుని రాసిన యాప్‌లో .22ను తర్వాత అతికించారు, డిఫాల్ట్ మార్చడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. 100కి జీరో చేస్తే 50 గజాల దగ్గర తూటా దాదాపు 3 అంగుళాలు పైన తగులుతుంది. అదే 50కి జీరో చేస్తే, హై వెలాసిటీ (వేగం ఎక్కువున్న) తూటా 25 గజాల్లో పావు అంగుళం తేడాలోనే ఉంటుంది. 100కి వెళ్లేసరికి సుమారు 6 అంగుళాలు జారుతుంది. 25కి జీరో చేయడం తప్పేమీ కాదు గానీ, అక్కడ కనిపించీ కనిపించని పొరపాటు 50కి రెట్టింపవుతుంది. .22 లాంటి రిమ్‌ఫైర్ రైఫిళ్ల స్కోపుల్లో చాలావాటికి పారలాక్స్ (కన్ను కాస్త కదిలితే గురి జరిగినట్టు కనిపించే దోషం) కూడా 50, 60 గజాల దగ్గరే కుదురుస్తారు.

స్కోప్ గుబ్బ తిప్పేటప్పుడు పడే క్లిక్కుల లెక్కలో చాలామంది తడబడతారు. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) స్కోప్‌లో ఒక క్లిక్‌కి 100 గజాల్లో పావు అంగుళం కదిలితే, 50లో అందులో సగమే. అంగుళం కిందికి తగులుతోందా? నాలుగు కాదు, ఎనిమిది తిప్పాలి. యాప్‌లో గజాలు ఉన్నాయో మీటర్లు ఉన్నాయో కూడా చూడండి. 50 గజాలంటే 45.72 మీటర్లే. ఆ తేడాకే తూటా అర సెంటీమీటరు పైనే కిందికి పోతుంది. అదేమీ చిన్న తేడా కాదు: ఒలింపిక్ 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లు. (అక్కడ అసలు టెలిస్కోపే ఉండదు, అది వేరే సంగతి.)

మీ ఉత్తరంలో నన్ను ఆపింది చివరి వాక్యం: ‘యాప్ ఎప్పుడూ ఆన్‌లో ఉండే లొకేషన్ అడిగితే ఇచ్చాను.’ ఎందుకిచ్చారండీ? గాలి సాంద్రత కోసమని వాళ్లు చెబుతారు. 50 గజాలు దాటడానికి ఆ తూటాకి సెకనులో ఆరో వంతు కూడా పట్టదు. ఊరి ఎత్తు, ఉష్ణోగ్రత చేత్తో కొట్టుకుంటే చాలు. మీరిచ్చింది మాత్రం వేరే: వారం వారం ఏ రేంజ్‌కి వెళ్తారు, రాత్రికి ఏ ఇంటికి చేరతారు. అంటే తుపాకీ ఏ ఇంట్లో ఉందో. 2017 చివర్లో ఒక వ్యాయామ యాప్ పరుగుల మ్యాపు బయటపెడితే, 2018 మొదట్లో అందులో సైనిక స్థావరాలు వెలుగుతూ కనిపించాయి. వాళ్లు కూడా దురుద్దేశంతో ఏమీ చేయలేదు.

వైఫై ఉన్న స్కోపుల సంగతి ఇంకా దారుణం. 2015లో రూనా సాండ్విక్, మైకేల్ ఆగర్ అనే పరిశోధకులు కంప్యూటర్ ఉన్న ఒక రైఫిల్ స్కోప్‌లోకి వైఫై దారిన దూరారు. మార్చని పాస్‌వర్డే వాళ్లకి తలుపు తీసింది. లోపల తూటా బరువు అనే ఒక్క అంకెని మార్చి, ఔన్సులో సగం కూడా లేనిదాన్ని 72 పౌండ్లు చేశారు. కాల్చినవాడు గురి సరిగ్గానే పెట్టాడు, తూటా మాత్రం రెండున్నర అడుగులు పక్కకి పోయి ఇంకో టార్గెట్‌కి తగిలింది. ట్రిగ్గర్ నొక్కితే తప్ప పేలదు, వైఫై మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, నిజమే. కానీ గురిపెట్టే వస్తువుకి అందరికీ తెలిసిన పాస్‌వర్డ్ పెట్టి అమ్మేవాళ్లని ఏమనాలి? కాఫీ మెషీన్‌కి పెట్టినా నాకు కోపమే వస్తుంది.

లొకేషన్ తీసేయండి. లేకపోతే పనిచేయనంటే యాప్‌నే తీసేయండి. మీరు ఎప్పుడూ వాడే తూటా పెట్టెతోనే 50 గజాల్లో ఐదేసి తూటాలు కాల్చండి, ఒక్కో తూటాకి కాకుండా ఐదింటి మధ్య బిందువుని చూసి తిప్పండి. తర్వాత 25, 75, 100లో ఎంత పైకో ఎంత కిందికో కొలిచి, కాగితం ముక్క మీద రాసి రైఫిల్ పెట్టె మూత లోపల టేపుతో అంటించుకోండి. తూటా బ్రాండ్ మారిస్తే ఆ కాగితం చించేసి మళ్లీ మొదలుపెట్టండి.