తంగేడు పువ్వులో పసుపు సాలీడు: విషపుదా? గూడు ఎందుకు కట్టలేదు?

నల్గొండ దగ్గర బతుకమ్మకు తంగేడు కోస్తుంటే అచ్చం పువ్వు రంగులోనే ఉన్న సాలీడు కనిపించిందని, చుట్టూ గూడు లేదని రాశారు. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది పీత సాలీడు. మన పూల మీద ఉండేవి ఎక్కువగా థోమిసస్ ప్రజాతివి. ముందరి రెండు జతల కాళ్లు పొడుగ్గా ఉంటాయి, ఎండ్రకాయలా పక్కకు నడుస్తుంది.

వేటకు ఇది వల అల్లదు. దారం మాత్రం తీస్తుంది, గుడ్ల సంచి కోసం, కింద పడకుండా ఉండటం కోసం. పువ్వులో కాళ్లు చాచి కదలకుండా కూర్చుని, వాలిన తేనెటీగను పట్టి కాటేస్తుంది. తనకంటే పెద్దదైనా వదలదు! రసం పీల్చేశాక డొల్ల మిగులుతుంది. పువ్వు మీద ఎంతకీ కదలని తేనెటీగ కనిపిస్తే దాని కింద ఓసారి చూడండి.

కొన్ని జాతుల్లో ఆడవి తెలుపు, పసుపుల మధ్య రంగు మార్చుకుంటాయి, దానికి రోజులు పడుతుంది. అంతకంటే విడ్డూరం ఇంకోటి. మన దేశం నుంచి ఆస్ట్రేలియా దాకా ఉండే థోమిసస్ స్పెక్టాబిలిస్ మన కంటికి తెల్లపువ్వులో కలిసిపోతుంది. కానీ మనకు కనపడని, తేనెటీగకు కనపడే అతినీలలోహిత కాంతిని వెనక్కి పంపుతుంది కాబట్టి తేనెటీగకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2003లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో తేనెటీగలు సాలీడున్న పూల వైపే ఎక్కువగా వెళ్లాయి. అంటే దాక్కోవడమే కాదు, ఎర కూడా వేస్తోందన్నమాట.

విషం పురుగులకే, మనకు టెన్షన్ అక్కర్లేదు. ఆడదే సుమారు సెంటీమీటరు, మగది ఇంకా చిన్నది. కొమ్మ కాస్త దులిపి పూలు కోసుకోండి.