మీ ప్రశ్న – మా జవాబు: ఆన్‌లైన్ ప్రోగ్రామింగ్ పోటీలకు సిద్ధం కావడం ఎలా?

ఆన్‌లైన్ ప్రోగ్రామింగ్ పోటీల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో పదే పదే ఎదురైనవాటిని ఈ సంచికలో తీసుకున్నాము.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థినిని. సీ ప్లస్ ప్లస్‌లో లూపులు, అర్రేలు, ఫంక్షన్ల వరకు వచ్చు. గ్రాఫులు, డైనమిక్ ప్రోగ్రామింగ్ పూర్తిగా నేర్చుకున్న తరువాతే పోటీలలో పాల్గొనాలని సీనియర్లు చెబుతున్నారు. అంతవరకు ఆగవలసిందేనా?

జవాబు: ఆగనవసరం లేదు. ఆ రెండు అంశాలూ ఒక పట్టాన పూర్తయ్యేవి కావు. అవి అయ్యాక చూద్దామనుకునేవారిలో చాలామంది అసలు మొదలే పెట్టరు. కొత్తవారి కోసం పెట్టే పోటీలలో మొదటి రెండు సమస్యలకు మీకు ఇప్పటికే వచ్చిన విషయాలతో పాటు సార్టింగ్ (సంఖ్యలను క్రమంలో పేర్చడం) తెలిస్తే సాధారణంగా సరిపోతుంది. కోడ్‌ఫోర్సెస్ అనే పోటీల సైటులో 1600 లోపు రేటింగ్ (పోటీ ఫలితాలను బట్టి ఇచ్చే పాయింట్లు) ఉన్నవారికి డివిజన్ 3, 1400 లోపు వారికి డివిజన్ 4 అనే పోటీలు ఉన్నాయి. జపాన్‌కు చెందిన అట్‌కోడర్ సైటు నిర్వహించే బిగినర్ కాంటెస్ట్ 100 నిమిషాల పాటు సాగుతుంది. అందులో మొదటి సమస్య చాలాసార్లు పది పంక్తుల కోడ్‌కు మించదు.

అయితే పోటీ రోజుకు ముందే అదే సైటులో ఏదైనా పాత సమస్యను పూర్తి చేసి, ‘యాక్సెప్టెడ్’ అనే ఫలితాన్ని ఒక్కసారైనా కళ్లారా చూసుకోండి. కళాశాల ల్యాబ్‌లో ‘ఒక సంఖ్యను ఇవ్వండి’ అని తెరపై ముద్రించి ఆ తరువాత ఇన్‌పుట్ తీసుకోవడం మనకు అలవాటు. ఇక్కడ మీ ప్రోగ్రామ్‌ను దిద్దేది యంత్రం కాబట్టి, ఆ వాక్యాన్ని కూడా మీ జవాబులో భాగంగానే లెక్కించి తప్పు అంటుంది. తర్కమంతా సరిగా ఉండి కూడా ఈ ఒక్క కారణంతో మొదటి పోటీలో సున్నాతో మిగిలేవారు ఉన్నారు.

ప్రశ్న: సమస్యతో పాటు ఇచ్చిన నమూనా ఇన్‌పుట్‌లన్నిటికీ నా ప్రోగ్రామ్ సరైన జవాబే ఇస్తుంది. సబ్మిట్ చేయగానే ఒకసారి ‘టైమ్ లిమిట్ ఎక్సీడెడ్’ అని, దాన్ని సరిచేస్తే ‘రాంగ్ ఆన్సర్’ అని వస్తుంది. లోపం ఎక్కడుందో కూడా చెప్పరు. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: మాకు వచ్చిన ప్రశ్నలలో దీనికే ఎక్కువ చోటు ఇవ్వవలసి ఉంది. నమూనా ఇన్‌పుట్ ఉన్నది సమస్య అర్థమైందో లేదో మీరు చూసుకోవడానికే తప్ప, మీ ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి కాదు. అసలు పరీక్ష ఎంత కఠినంగా ఉండబోతోందో సమస్యతో పాటు ఇచ్చే పరిమితుల పంక్తి ముందే చెప్పేస్తుంది. కొత్తవారు సాధారణంగా చదవకుండా దాటేసే పంక్తి కూడా అదే.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. ఒక వరుసలో ఎన్ సంఖ్యలు ఇచ్చారు, అందులో సమానమైన సంఖ్యల జతలు ఎన్ని ఉన్నాయో చెప్పాలి. ఎన్ విలువ 2 లక్షల వరకు, ఒక్కొక్క సంఖ్య 100 కోట్ల వరకు ఉండవచ్చు. గడువు ఒక సెకను. మొదట తోచేది లూపులో మరో లూపు పెట్టి ప్రతి సంఖ్యనూ దాని తరువాతి సంఖ్యలన్నిటితో పోల్చడం. నమూనాలో ఐదారు సంఖ్యలే ఉంటాయి కాబట్టి అది చక్కగా పనిచేస్తుంది. 2 లక్షల సంఖ్యలకు మాత్రం దాదాపు 2,000 కోట్ల పోలికలు కావాలి. సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ సెకనుకు సుమారు 10 కోట్ల చిన్న పనులు చేయగలదని పోటీదారులు ఒక మోటు లెక్క వేసుకుంటారు. ఆ లెక్కన ఈ ప్రోగ్రామ్‌కు 200 సెకన్లు పడుతుంది. అంటే కోడ్‌లో ఒక్క అక్షరం రాయకముందే ఈ పద్ధతి పనికిరాదని కాగితం మీద తేల్చుకోవచ్చు.

కాబట్టి ముందు వరుసను సార్ట్ చేస్తాం. దానికి సుమారు 36 లక్షల పోలికలు చాలు. అప్పుడు సమానమైన సంఖ్యలన్నీ పక్కపక్కకు చేరుతాయి. ఒక సంఖ్య సీ సార్లు వస్తే, సీని సీ మైనస్ ఒకటితో గుణించి రెండుతో భాగిస్తే వచ్చేదే దాని జతల లెక్క. గడువు సమస్య తీరింది. ఇక మీరు చెప్పిన ‘రాంగ్ ఆన్సర్’ ఇక్కడే ఎదురవుతుంది. వరుసలోని 2 లక్షల సంఖ్యలూ ఒకటే అయితే జవాబు 19,99,99,00,000. సీ ప్లస్ ప్లస్‌లో మామూలు ఇంట్ రకం వేరియబుల్ 2,14,74,83,647 దాటి ఏ విలువనూ దాచుకోలేదు. అందువల్ల ఓవర్‌ఫ్లో జరిగి ఏదో అర్థంలేని సంఖ్య వస్తుంది, ఒక్కోసారి రుణసంఖ్య కూడా రావచ్చు. ఇది తెలిసినవారు కూడా చేసే పొరపాటు ఒకటుంది. జవాబు దాచే వేరియబుల్‌ను ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ రకంగా మార్చి, సీని మాత్రం ఇంట్‌గానే వదిలేస్తారు. గుణకారం ఇంట్‌లోనే జరిగి, అక్కడే పాడైపోయిన విలువ లాంగ్ లాంగ్‌లోకి వచ్చి చేరుతుంది. పాత్ర పెద్దదైనంత మాత్రాన ముందే ఒలికిపోయింది తిరిగి రాదు కదా. సీని కూడా లాంగ్ లాంగ్‌గా ప్రకటించడమే దీనికి మందు.

ఒకే ఫైలులో అనేక టెస్ట్ కేసులు ఇచ్చే సమస్యలలో మరొక ఉచ్చు ఉంది. టెస్టులు 10 వేల వరకు ఉండవచ్చునని, అన్ని టెస్టులలోని ఎన్ విలువల మొత్తం 2 లక్షలు దాటదని రాస్తారు. ప్రతి టెస్టుకు ముందు 2 లక్షల అరలున్న అర్రే మొత్తాన్నీ సున్నా చేస్తే, అది 200 కోట్ల అరలను తుడవడంతో సమానం. అసలే తుడవకపోతే పాత టెస్టు విలువలు కొత్త జవాబులో కలుస్తాయి. ఆ టెస్టులో వాడిన అరలను మాత్రమే తుడవాలి.

లోపం ఎక్కడుందో సైటు చెప్పకపోయినా కనుక్కునే మార్గం ఉంది. అదే సమస్యకు నిదానంగా నడిచినా తప్పకుండా సరైన జవాబిచ్చే మోటు ప్రోగ్రామ్ ఒకటి రాయండి. పై ఉదాహరణలో అయితే ఆ రెండు లూపుల ప్రోగ్రామే సరిపోతుంది. చిన్న చిన్న ఇన్‌పుట్‌లను యాదృచ్ఛికంగా పుట్టించే మరో ప్రోగ్రామ్ రాసి, ఆ ఇన్‌పుట్‌లను రెండింటికీ ఇచ్చి, జవాబులు ఎక్కడ వేరవుతాయో చూడండి. దీనినే స్ట్రెస్ టెస్టింగ్ అంటారు. ఎన్ విలువ ఐదు దాటకుండా, సంఖ్యలు మూడు దాటకుండా పుట్టించడం మేలు. అంత చిన్న ఇన్‌పుట్ అయితే తప్పు ఎక్కడ జరిగిందో చేత్తో లెక్కగట్టి చూడవచ్చు. ఓవర్‌ఫ్లో వంటివి మాత్రం ఇలా బయటపడవు కాబట్టి, ఎన్ ఒకటి అయినప్పుడు, అన్నీ ఒకే సంఖ్య అయినప్పుడు, అన్నీ గరిష్ఠ విలువలు అయినప్పుడు ఏమవుతుందో విడిగా నడిపి చూసుకోవాలి.

ప్రశ్న: పోటీలకు పైథాన్ పనికిరాదని, సీ ప్లస్ ప్లస్ తప్పనిసరి అని అంటారు. నిజమేనా?

జవాబు: తొలి దశలో ఈ చర్చకు అంత విలువ లేదు. పైథాన్‌లో పూర్ణాంకాలకు పరిమితి లేదు కాబట్టి పైన చెప్పిన ఓవర్‌ఫ్లో బాధ ఉండదు. బదులుగా లూపులు నెమ్మదిగా నడుస్తాయి, రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) సాధారణంగా 1000 స్థాయిల వద్ద ఆగిపోతుంది. లక్షల సంఖ్యలను ఇన్‌పుట్ ఫంక్షన్‌తో ఒక్కొక్క పంక్తిగా చదివితే అక్కడే సమయం హరించుకుపోతుంది కాబట్టి ఇన్‌పుట్ మొత్తాన్నీ ఒకేసారి చదవడం నేర్చుకోండి. సైటులో పైథాన్ ప్రోగ్రామ్‌లను వేగంగా నడిపే ‘పైపై’ (PyPy) అనే ఎంపిక ఉంటే దాన్నే ఎంచుకోండి, లూపులు చాలా వేగం అందుకుంటాయి. అల్గారిథమ్ సరిగా ఉండి కూడా గడువు చాలక వరుసగా సమస్యలు పోతున్నాయని అనిపించిన రోజున భాష మార్చుకోవచ్చు.

ప్రశ్న: పోటీ జరిగే రెండు గంటలలో నేను రెండో సమస్య దగ్గరే చిక్కుకుపోతాను. కంగారులో ఐదారుసార్లు తప్పుగా సబ్మిట్ చేస్తాను. సమయాన్ని ఎలా వాడుకోవాలి?

జవాబు: ఒక్కో తప్పుడు సబ్మిషన్‌కు ఎంత మూల్యం చెల్లించాలో ముందుగా తెలుసుకుంటే ఆ కంగారు కొంత తగ్గుతుంది. ముగ్గురు సభ్యుల జట్టు ఒకే కంప్యూటర్‌పై ఐదు గంటలు పోటీపడే ఐసీపీసీ అనే అంతర్జాతీయ కళాశాల స్థాయి పోటీలో, చివరకు పరిష్కరించిన సమస్య మీద చేసిన ప్రతి తప్పుకూ 20 నిమిషాలు కలుపుతారు. అట్‌కోడర్ బిగినర్ కాంటెస్ట్‌లో ఇది 5 నిమిషాలు. కోడ్‌ఫోర్సెస్ సాధారణ రౌండ్లలో సమస్య విలువ నిమిషనిమిషానికీ తగ్గుతూ ఉంటుంది, దానికి తోడు తప్పుకు 50 పాయింట్లు పోతాయి. అంటే మళ్లీ సబ్మిట్ చేసే ముందు ఐదు నిమిషాలు కోడ్‌ను నిదానంగా చదువుకోవడం దాదాపు ప్రతి చోటా లాభసాటి బేరమే. ‘బహుశా ఇక్కడ ప్లస్ వన్ ఉండాలేమో’ అని మార్చి పంపడం మాత్రం లాటరీ టికెట్ కొనడమే.

చిక్కుకుపోయినప్పుడు సమస్యను మొదటి నుంచి మళ్లీ చదవండి, ముఖ్యంగా నమూనా కింద ఇచ్చే వివరణను. ‘వరుసగా ఉన్న భాగం’ అన్నదాన్ని ‘ఏవైనా కొన్ని సంఖ్యలు’గా అర్థం చేసుకుని గంటసేపు వేరే సమస్యను పరిష్కరిస్తూ కూర్చోవడం అనుభవజ్ఞులకూ జరిగేదే. అయినా తేలకపోతే తరువాతి సమస్యలన్నిటినీ ఒకసారి చదివి, స్కోరుబోర్డు చూడండి. రెండో సమస్య కన్నా మూడోదాన్ని ఎక్కువ మంది పూర్తి చేసి ఉంటే సంకోచించకుండా దానికి మారండి. స్కోరుబోర్డుకు ఇంతకు మించిన ఉపయోగం లేదు. మీ స్థానం ఎంతకు పడిందో చూసుకోవడానికి దాన్ని తెరవకండి.

కోడ్‌ఫోర్సెస్ సాధారణ రౌండ్లలో మరొక సంగతి గుర్తుంచుకోవాలి. పోటీ సమయంలో మీ ప్రోగ్రామ్‌ను కొన్ని ప్రీటెస్టులతో మాత్రమే పరీక్షించి, పూర్తి పరీక్షలను పోటీ ముగిశాక నడుపుతారు. అప్పటి వరకు కనిపించే మార్కులు తాత్కాలికమే.

ప్రశ్న: పోటీ మధ్యలో ఏఐ చాట్‌బాట్‌ను అడగడం తప్పా? నా పాత కోడ్‌ను వాడుకోవచ్చా?

జవాబు: పోటీకి ముందే మీరు రాసి పెట్టుకున్న కోడ్‌ను వాడుకోవడానికి ఆన్‌లైన్ పోటీలలో సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఏఐ విషయంలో ఒక్కో సైటుకు ఒక్కో నియమం ఉంది, అవి మారుతూ కూడా ఉన్నాయి కాబట్టి నమోదు చేసుకున్న ప్రతిసారీ చదవాలి. కోడ్‌ఫోర్సెస్ 2024లో ప్రకటించిన నియమం ప్రకారం సమస్యను ఏఐకి ఇచ్చి పరిష్కార మార్గమో, కోడో అడగడం నిషిద్ధం. సమస్య పాఠాన్ని మీకు వచ్చిన భాషలోకి అనువదించుకోవడానికి మాత్రం అనుమతి ఉంది. నియమాల మాట పక్కన పెట్టినా, ఆలోచించే పనిని వేరొకరికి అప్పగించి వచ్చే రేటింగ్ వల్ల ఏం ప్రయోజనమో మాకు బోధపడదు.

తెలియక ఇరుక్కునే సందర్భం ఒకటుంది. కొన్ని ఆన్‌లైన్ కంపైలర్లలో మీరు నడిపిన కోడ్ ప్రత్యేకంగా అమర్చుకుంటే తప్ప అందరికీ కనిపిస్తుంది. దాన్ని మరొకరు తీసుకుని సబ్మిట్ చేస్తే, పోలికలు పట్టే ప్రోగ్రామ్‌కు ఇద్దరూ దోషులుగానే కనిపిస్తారు. పోటీ రోజున మీ సొంత కంప్యూటర్‌లోని కంపైలర్‌నే వాడండి.

ప్రశ్న: కోడ్‌ఫోర్సెస్‌లో మొదటి కొన్ని పోటీలకు నా రేటింగ్ ప్రతిసారీ పెరిగింది. ఆ తరువాత ఆగిపోయింది, ఇప్పుడు తగ్గుతోంది కూడా. సాధన మానలేదు. నాకు ఇది చేతకాదేమో అనిపిస్తోంది.

జవాబు: ముందుగా ఆ పెరుగుదల ఎక్కడిదో చూద్దాం. అక్కడ కొత్త ఖాతా రేటింగ్ సున్నా వద్ద మొదలైనట్లు చూపిస్తారు. మొదటి ఆరు పోటీలలో ప్రతిభతో నిమిత్తం లేకుండా వరుసగా 500, 350, 250, 150, 100, 50 పాయింట్లు, అంటే మొత్తం 1400 కలుపుతారు. ఏడో పోటీ నుంచి మాత్రమే మీరు చూసేది అసలు మార్పు. ఆపైన లెక్క చదరంగంలోని ఎలో పద్ధతిని పోలి ఉంటుంది. మీ రేటింగ్‌ను బట్టి మీకు ఒక స్థానాన్ని అంచనా వేస్తారు, దానికన్నా మెరుగైన స్థానం వస్తే పెరుగుతుంది, లేకుంటే తగ్గుతుంది. ఒక పోటీలో 80 పాయింట్లు పోవడం మీ సామర్థ్యం గురించి చెప్పేది చాలా తక్కువ.

సాధన మానలేదన్నారు, కానీ ఎలాంటి సాధనో రాయలేదు. ఇప్పటికే చేతనైన స్థాయి సమస్యలనే వందలు చేస్తూ పోతే వేగం పెరుగుతుంది, స్థాయి పెరగదు. పోటీ ముగిసిన మర్నాడు, మీరు వదిలేసిన సమస్యలలో మొదటిదాన్ని తీసుకోండి. గంటసేపు ప్రయత్నించినా తేలకపోతే ఎడిటోరియల్‌లో (నిర్వాహకులు ప్రచురించే పరిష్కార వివరణలో) మొదటి సూచన మేరకే చదివి, మూసేసి, మళ్లీ ఆలోచించండి. చివరకు కోడ్ మాత్రం చూడకుండా మీరే రాసి ‘యాక్సెప్టెడ్’ తెచ్చుకోవాలి. ఎడిటోరియల్ చదివి ‘ఓ, ఇంతేనా’ అనుకుని పేజీ మూసేస్తే ఆ సమస్య మీకు రానట్లే లెక్క. ఒకే రకం అంశం దగ్గర పదే పదే ఆగిపోతున్నారని గమనిస్తే, సమస్యలను అంశాలవారీగా అమర్చి పెట్టిన సీఎస్ఈఎస్ సంకలనంలో ఆ విభాగాన్ని పూర్తి చేయండి. రేటింగ్ భయం లేకుండా గడియారంతో సాధన చేయాలనుకుంటే కోడ్‌ఫోర్సెస్‌లోనే పాత పోటీని వర్చువల్‌గా రాసే వీలుంది. అప్పుడు పాల్గొన్నవారి నడుమ మీ స్థానం నిమిషం తేడా లేకుండా కనిపిస్తుంది, రేటింగ్ మాత్రం కదలదు.