పోటీల తేదీలు తేలకముందే టికెట్లు కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, గణిత ఒలింపియాడ్‌కు సిద్ధమవుతోంది. అబ్బాయికి 14, చదరంగం పోటీలు ఆడుతున్నాడు. బడి, శిక్షణ, పరీక్షలతో ఇద్దరికీ తీరిక లేదు. గత మూడేళ్లలో రెండుసార్లు ఎంపిక పరీక్షలు అడ్డొచ్చి విహారయాత్ర మానుకోవలసి వచ్చింది, టికెట్ల డబ్బూ పోయింది. ఈసారి మా పదవీ విరమణ పొదుపులోంచి కొంత తీసి పెద్ద ప్రయాణం పెట్టుకోవాలా, లేక పిల్లలు కాలేజీలో చేరేదాకా ప్రయాణాలన్నీ ఆపేయాలా?

జవాబు: రెండూ వద్దని నా సలహా. పదవీ విరమణకు ఇంకా 20 ఏళ్లు ఉందనుకుంటే, ఏటా 8 శాతం రాబడి మీద ఈనాటి 100 అప్పటికి దాదాపు 466 అవుతుంది. ఒక వారం విహారానికి మీరు నిజంగా చెల్లించే ధర అది. ఇక ప్రయాణాలు ఆపేయడం విషయానికి వస్తే, ఇద్దరు పిల్లలూ మీతో ఒకే ఇంట్లో ఉండే వేసవులు మీకు మహా అయితే రెండు మిగిలాయి. వాటిని వదులుకుని మిగిల్చే సొమ్ము దేనికి ఖర్చు పెట్టాలన్నది కూడా ఆలోచించవలసిందే.

మీ ఉత్తరం చదివితే నాకు కనిపించిన అసలు చిక్కు ఖర్చు పరిమాణంలో లేదు. తేదీలు తేలకముందే, మార్చడానికి వీల్లేని చవక టికెట్లు కొనడంలో ఉంది. లెక్క వేసి చూద్దాం. రద్దు చేస్తే పైసా తిరిగి రాని టికెట్ ధర 100, పూర్తి డబ్బు వాపసు ఇచ్చే టికెట్ ధర 115 అనుకోండి. ప్రయాణం రద్దయ్యే అవకాశం సుమారు 13 శాతం దాటితే రెండోదే లాభసాటి. మీ ఇంట్లో మూడింట రెండుసార్లు రద్దయింది కాబట్టి, వాపసు టికెట్‌కు అంతకంటే చాలా ఎక్కువ అడిగినా మీకు గిట్టుబాటే. అయితే తేదీ మాత్రమే మార్చుకోనిచ్చే టికెట్‌ను ఈ లెక్కలో కలపకండి, ఎందుకంటే కొత్త తేదీకి ధర పెరిగి ఉంటే ఆ తేడా మీరే కట్టాలి. ప్రయాణ బీమా ఈ లోటు తీరుస్తుందని కూడా అనుకోవద్దు. సాధారణ పాలసీలు అనారోగ్యం వంటి, పత్రంలో పేర్కొన్న కారణాలకే పరిహారం ఇస్తాయి; పిల్లవాడు పోటీకి ఎంపికయ్యాడన్న శుభవార్త ఆ జాబితాలో కనిపించడం అరుదు.

పోటీల ఖర్చును విహారయాత్ర ఖర్చుతో ఒకే ఖాతాలో కలిపి ఉంచడం రెండో పొరపాటు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ సాధారణంగా జులైలో జరుగుతుంది, ఒక దేశం నుంచి గరిష్ఠంగా ఆరుగురే వెళ్తారు, కాబట్టి మీ అమ్మాయి విషయంలో అసలు పోటీ కంటే దానికి ముందు నెలల్లో వచ్చే ఎంపిక పరీక్షలు, శిక్షణ శిబిరాలే మీ క్యాలెండర్‌ను నిర్ణయిస్తాయి. చదరంగం తీరు వేరు. ప్రపంచ యువ పోటీలు 14, 16, 18 ఏళ్ల లోపు విభాగాలుగా జరుగుతాయి. అధికారికంగా ఆహ్వానం పొందిన ఆటగాడికి నిర్వాహకులు బస, భోజనం కల్పించినా, అదనపు ఆటగాళ్లూ తోడు వెళ్లే తల్లిదండ్రులూ తమ ఖర్చు తామే పెట్టుకోవాలి. అంటే కొడుకు గెలిచేకొద్దీ మీ ఖర్చు పెరుగుతుంది. సంతోషించవలసిన సమస్యే గానీ, బడ్జెట్‌కు అది సమస్యే.

అందువల్ల ఇద్దరి పోటీలకూ రాబోయే 12 నెలల్లో ప్రవేశ రుసుము, రాకపోకలు, ఒక పెద్దవారి తోడు ఖర్చు ఎంత కావచ్చో కాగితం మీద వేసి, దాన్ని 12తో భాగించి, జీతం పడిన రోజే వేరే పొదుపు ఖాతాకు మళ్లించండి. ఏడాదిలోపు కావలసిన ఈ డబ్బును షేర్లలో పెట్టకూడదు. పొదుపు ఖాతా గానీ స్వల్పకాలిక డిపాజిట్ గానీ చాలు. కాలేజీలో ఉపకార వేతనం వస్తుందన్న ఆశతో చదువుల నిధి నుంచి ఇటు తీయకండి. ప్రతిభ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చేతికి వచ్చేదాకా ఉపకార వేతనాన్ని ఆదాయంగా లెక్కించకూడదు.

విహారయాత్రకు మరో ఖాతా తెరవండి, దాన్ని పిల్లల చేతికే ఇవ్వండి. ఒలింపియాడ్ లెక్కలు చేసే అమ్మాయికి ఈ లెక్క కష్టం కాదు. ఏ శిక్షణ తరగతి మానితే ఎన్ని రోజుల ప్రయాణం కలిసొస్తుందో ఇద్దరూ చూసి చెప్తే, మీరు ఇప్పుడు కడుతున్న రుసుముల్లో ఒకటో రెండో అనవసరమని తేలవచ్చు. పోటీ జరిగే ఊళ్లోనే అదనంగా మూడు రోజులు ఉండటం కూడా పరిశీలించండి. ఆటగాడికీ తోడు వెళ్లే ఒకరికీ రవాణా ఖర్చు ఎలాగూ పడుతుంది గనుక, మిగిలిన ఇద్దరి టికెట్లు, ఆ మూడు రోజుల బస మాత్రమే కొత్త ఖర్చు. కానీ పోటీ ముగిశాకే తిరగండి, మధ్యలో వద్దు.

అంచనాలు వేసేటప్పుడు విమాన ఛార్జీ నలుగురికీ పెద్దల ధరే వేసుకోండి. పిల్లల ఛార్జీ సాధారణంగా 12వ పుట్టినరోజుతో ముగుస్తుంది. విదేశీ పోటీ వచ్చే అవకాశం ఉంది కాబట్టి పిల్లల పాస్‌పోర్టులు ఇప్పుడే తీసి చూడండి. చాలా దేశాల్లో మైనర్ల పాస్‌పోర్టుకు పెద్దల పాస్‌పోర్టు కంటే తక్కువ గడువు ఉంటుంది, పైగా అనేక దేశాలు ప్రవేశానికి ఆరు నెలల చెల్లుబాటు మిగిలి ఉండాలంటాయి. గడువు దగ్గర పడి ఉంటే, ఎంపిక ఫలితాల కోసం ఆగకుండా ఈ నెలలోనే దరఖాస్తు చేయండి.