ఒక త్రిభుజం భుజాల నిష్పత్తి 1/2 : 1/3 : 1/4, చుట్టుకొలత 52 సెం.మీ. అయితే పెద్ద భుజం ఎంత?

మీరు 2 : 3 : 4 అని తీసుకుని 52ని 9తో భాగిస్తే లెక్క తెగలేదన్నారు. చిక్కంతా ఆ మొదటి అడుగులోనే ఉంది. హారం పెరిగేకొద్దీ భిన్నం చిన్నదవుతుంది కాబట్టి ఇక్కడ 1/2కి చెందిన భుజమే అన్నిటికన్నా పొడవు. 2, 3, 4ల క.సా.గు. 12. మూడు భిన్నాలనూ 12తో గుణిస్తే 6 : 4 : 3 వస్తుంది. మొత్తం 13 భాగాలు, ఒక్కో భాగం 4 సెం.మీ. భుజాలు 24, 16, 12. పెద్ద భుజం 24 సెం.మీ.

ఇక్కడ లెక్క తెగకపోవడం మీ అదృష్టం. చుట్టుకొలత 117 ఇచ్చి ఉంటే? అది 9తోనూ పోతుంది, 13తోనూ పోతుంది. తప్పుదారిలో 26, 39, 52 వస్తాయి. కూడితే 117 సరిపోతుంది, త్రిభుజం కూడా ఏర్పడుతుంది. కానీ సరైన జవాబు 54, 36, 27. అందుకే మొత్తం కూడి చూసి ఆగిపోవద్దు. భుజాలను వరుసగా 2, 3, 4తో గుణించి చూడండి: 24×2, 16×3, 12×4 మూడూ 48. తప్పు జవాబులో 26×2 = 52, 39×3 = 117, అక్కడే దొరికిపోతుంది.

త్రిభుజం ఎత్తుల నిష్పత్తి 2 : 3 : 4 అని ఇచ్చినా ఇదే పద్ధతి. ఏ భుజాన్ని భూమిగా తీసుకున్నా వైశాల్యం ఒకటే కాబట్టి భుజం, దాని ఎత్తుల లబ్ధం మారదు. భుజాలు మళ్లీ 6 : 4 : 3.

నా దృష్టిలో అసలు మెళకువ, ఇచ్చిన నిష్పత్తి దేనిదో ముందు తేల్చుకోవడమే. కోణాలు 1 : 2 : 3 అంటే 30, 60, 90 డిగ్రీలు, అప్పుడు భుజాలు 1 : √3 : 2. భుజాలే 1 : 2 : 3 అంటే త్రిభుజమే రాదు, 1 + 2 = 3 కాబట్టి మూడూ ఒకే గీత మీద పడతాయి. సరూప త్రిభుజాల వైశాల్యాలు 16 : 25 అయితే చుట్టుకొలతలు 4 : 5, చిన్నదాని చుట్టుకొలత 36 అయితే పెద్దదానిది 45. వర్గమూలం తీయడం మరిచిపోతే 56.25 వస్తుంది.

కోణ సమద్విఖండన రేఖ లెక్కల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. రేఖ ఎదుటి భుజాన్ని 4, 6గా విభజించింది, చుట్టుకొలత 35 అనుకోండి. మిగిలిన రెండు భుజాలూ అదే 4 : 6, అంటే 2 : 3 నిష్పత్తిలో ఉంటాయి. చాలామంది 35నే 5 భాగాలు చేస్తారు. ముందు ఎదుటి భుజం 10 తీసేయాలి. మిగిలిన 25ని పంచితే 10, 15.